కల్యాణపురంలో సంతోషం ఎవరిది?

మన యానాంకి ఇంకో పేరు ఉందని మీలో ఎంతమందికి తెలుసు? నాకూ ఈ ఏడాదే తెలిసింది. ఆ పేరు కల్యాణపురం. మొదటిసారి విన్నప్పుడు భలే ఉందే అనిపించింది. కల్యాణం అంటే పెళ్ళి, కల్యాణం అంటే శుభం. అంటే మనది సంతోషాల ఊరు అన్నమాట. సాయంత్రం ఫెర్రీ రోడ్డు చివర గోదారి గాలికి కూర్చుంటే ఆ పేరు సరిగ్గానే పెట్టారు అనిపిస్తుంది కూడా.

ఈసారి పత్రికకి సంతోషం మీద వ్యాసాలు రాయమన్నారు మా తెలుగు మేడమ్. మా క్లాసులో చాలామంది సెల్‌ఫోన్ తగ్గించడం గురించి, ధ్యానం గురించి రాస్తున్నారు. నేను చరిత్ర రాస్తానన్నాను. "చరిత్రలో యుద్ధాలు ఉంటాయి గానీ సంతోషం ఎక్కడుందమ్మా?" అని నవ్వారు మేడమ్. కల్యాణపురం గురించి చెప్పాను. ఆవిడ నవ్వు ఆపి, "సరే, రాయి. కానీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయి" అన్నారు. అడిగాను. అడిగాక రాయడం కష్టమైపోయింది.

ముందు పుస్తకంలో ఉన్న సంగతి చెప్తాను. 1929లో ఇంగ్లీషువాళ్ళ ప్రభుత్వం బాల్య వివాహ నిరోధక చట్టం తెచ్చింది. దాన్ని ప్రతిపాదించిన హర్‌బిలాస్ శారదా పేరు మీద అందరూ శారదా చట్టం అంటారు. (నేను చాలాకాలం శారద అంటే ఎవరో ఆవిడ అనుకున్నాను. కాదు, ఆయన.) ఆడపిల్లకి 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల వరకూ జరిమానా పడొచ్చు. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలంటే మాటలా! 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందని ముందే చెప్పారు. చెప్పడంతో ఏమైందంటే, ఈలోగానే చేసేద్దామని దేశమంతా జనం పిల్లల పెళ్ళిళ్ళకి ఎగబడ్డారు. 1931 జనాభా లెక్కల్లో చిన్న వయసు భార్యల సంఖ్య తగ్గకపోగా బాగా పెరిగింది. ఆపడానికి తెచ్చిన చట్టం ముందు పెళ్ళిళ్ళని పెంచింది.

ఆ తొందరలో చేయలేకపోయినవాళ్ళ సంగతేంటి? గోదావరి జిల్లాల వాళ్ళకి ఒక దారి దొరికింది. ఆ దారి పేరే యానాం. చట్టం బ్రిటిష్ ఇండియాకి మాత్రమే. యానాం 18వ శతాబ్దం నుంచీ ఫ్రెంచివాళ్ళది. మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్ల చోటు, చుట్టూ ఇంగ్లీషువాళ్ళ ఇలాకా. కోనసీమ నుంచి వచ్చేవాళ్ళకి గౌతమి దాటితే చాలు. అవతల ఎదుర్లంక రేవులో పడవెక్కి ఇవతల దిగితే దేశమే మారిపోయింది. అక్కడి పోలీసు ఇక్కడికి వచ్చి పట్టుకోలేడు. తిరిగి వెళ్ళాక ఎవరైనా కోర్టుకి వెళ్ళి ఫిర్యాదు చేస్తేనే కేసు, ఏడాది గడిచిపోతే అదీ లేదు. జరిగిన పెళ్ళి చెల్లదని కూడా చట్టం అనలేదు. ఇంక భయం దేనికి? అందుకని పెళ్ళివారు పిల్లల్ని తీసుకుని యానాం వచ్చేవారు. అలా మన ఊరు కల్యాణపురం అయింది.

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అని ప్రపంచానికి చెప్పింది ఫ్రెంచివాళ్ళే కదా? తొమ్మిదో తరగతిలో ఫ్రెంచి విప్లవం చదివాం. 1793లో వాళ్ళు రాసుకున్న హక్కుల ప్రకటనలో మొట్టమొదటి మాటే అందరి సంతోషమే సమాజం లక్ష్యం అన్న అర్థంలో ఉంటుందట. మరి ఆ అందరిలో యానాం వచ్చిన పిల్లలు లేరా? సోషల్ సారుని అడిగితే ఇంకా ఆశ్చర్యమైన సంగతి చెప్పారు. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్‌లో ఆడపిల్ల పెళ్ళి వయసు 15. అంటే శారదా చట్టం కంటే ఒక ఏడు ఎక్కువే! కానీ 1819 నుంచీ వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఇక్కడి హిందువులకీ ముస్లింలకీ క్రైస్తవులకీ ఇలాంటి విషయాల్లో ఎవరి ఆచారం వాళ్ళదే. 1881లో మాత్రం, మా ఆచారం వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వస్తాం అని రాసి ఇచ్చే వీలు కల్పించారు. అలా వెళ్ళినవాళ్ళని రెనోన్సాన్లు అంటారు. కాబట్టి ఒకే వీధిలో ఒక ఇంటి పిల్లకి 15 ఏళ్ళ వరకూ రక్షణ ఉండొచ్చు, పక్కింటి పిల్లకి ఏమీ లేదు. ఇప్పుడున్న 2006 చట్టంలో కూడా పుదుచ్చేరి రెనోన్సాన్లకి ఇది వర్తించదు అని ఒక ముక్క ఉంది. సారు చూపించేదాకా నేను నమ్మలేదు.

ఇంక ఇంటి సంగతికి వస్తాను.

మా అమ్మమ్మకి 75 ఏళ్ళు. వాళ్ళమ్మ, అంటే మా తాతమ్మ, పెళ్ళి యానాంలోనే జరిగింది. శారదా చట్టం వచ్చిన ఐదారేళ్ళకి. తాతమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, కథలా చెప్పుకుంటాం, నవ్వుకుంటాం. నాకు తెలియనిది ఏమిటంటే, ఆ రోజు ఆ పందిట్లో పెళ్ళికూతుళ్ళు ఇద్దరు. తాతమ్మ చెల్లెలికి కూడా అదే ముహూర్తానికి చేసేశారు. ఆ పిల్లకి ఆరేళ్ళు. ఎలాగూ పడవలు మాట్లాడుకుని గోదారి దాటి వస్తున్నారు, రెండోసారి ఖర్చెందుకు అని.

తాతమ్మ చెప్పినవన్నీ అమ్మమ్మకి బాగా గుర్తు. చీకటితో పడవెక్కించారట. తడి బల్ల మీద పట్టు పరికిణీ పాడవుతుందని వాళ్ళమ్మ ఇద్దర్నీ ఒళ్ళో కూచోబెట్టుకుందట. రేవులో ఎర్ర టోపీ పెట్టుకున్న సిపాయి కనబడితే మమ్మల్ని పట్టుకుపోతాడని తాతమ్మ ఏడుపు మొదలుపెట్టిందట. ఆయన చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడట. ఆ రాత్రి ఊళ్ళో ఇంకో రెండు మూడు పెళ్ళిళ్ళు. ఈ సన్నాయి ఎక్కడ ఆగుతుందో ఆ సన్నాయి ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదట. తలంబ్రాల వేళకి చిన్నపిల్ల నిద్రపోతే వాళ్ళ నాన్న భుజాన వేసుకుని, చెయ్యి పట్టుకుని ఆయనే బియ్యం పోయించాడట.

"తాతమ్మకి ఆ రోజు సంతోషంగా ఉందా?" అని అడిగాను.

"నీకు గుర్తున్నదేంటే అమ్మా అని నేనూ అడిగానే ఒకసారి. నిద్ర అంది. ఇంకోసారి అడిగితే అరిసెలు అంది" అని చెప్పింది అమ్మమ్మ.

సంతోషపడింది ఎవరంటే వాళ్ళ నాన్నగారట. తిరుగు పడవలో ఆయన, "ఇద్దర్నీ ఒడ్డున పడేశాను, పిల్లలు సుఖపడతారు" అన్నారట. ఆ మాట తాతమ్మకి జీవితాంతం గుర్తుంది. మన దగ్గర పెళ్ళికాని కూతుర్ని గుండెల మీద కుంపటి అంటారు కదా. నేను ఆ మాట ఎన్నోసార్లు విన్నాను గానీ ఎప్పుడూ ఆలోచించలేదు. కుంపటి దింపుకుంటే చల్లబడేది ఎవరి గుండె? దింపినవాళ్ళది. కుంపటి సంగతి ఎవరూ అడగరు. మా బెంచీలో నా పక్కన కూర్చునే ముస్లిం స్నేహితురాలు వాళ్ళింట్లోనూ ఇదే మాట అంటారంది. శారదా చట్టం అన్ని మతాలకీ ఒకటే అయితే, దాన్ని వ్యతిరేకించినవాళ్ళూ అన్ని మతాల్లోనూ ఉన్నారట. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్ళకి మతభేదాలు లేవేమో.

ఆ నాన్నగారు చెడ్డవాడని నేను రాయబోయాను. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "ఆయనకి తెలిసిన సుఖం అదేనే" అంది. నిజమే కావచ్చు. ఆ రోజుల్లో ఆడపిల్ల సంతోషం అంటే పెద్దమనిషి కాకముందే పెళ్ళి, తర్వాత పిల్లలు, ముత్తైదువుగా పోవడం. దీవెన కూడా అదే కదా, దీర్ఘ సుమంగళీ భవ. అమ్మాయి సుఖం ఇంకొకరి ఆయుష్షు మీద ఆధారపడి ఉంటుంది. కానీ ఆ రోజుల్లోనే ఇది తప్పని చెప్పినవాళ్ళు కూడా మన పక్కనే ఉన్నారు. రాజమండ్రి ఎంత దూరం? అక్కడ కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించారు. తాతమ్మ పెళ్ళికి 50 ఏళ్ళకి ముందు! గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లోనే ఆడారు. దాని ముందుమాటలో ఆయన విశాఖ ప్రాంతంలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ లెక్క ఇచ్చారు. మొత్తం 1034. అందులో పెళ్ళినాటికి ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్ల! మా పిన్ని కూతురికి ఏడాదిన్నర. ఇంకా లక్కపిడతలు నోట్లో పెట్టుకుంటుంది. ఆ అంకె చదివినప్పుడు నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది.

కాబట్టి తెలియక చేశారు అనడానికి లేదు. వినబడింది, కానీ గోదారి దాటి వచ్చేశారు.

ఇప్పుడు అక్కచెల్లెళ్ళ కథ. ఒకే పందిరి, ఒకే ముహూర్తం, ఒకే పురోహితుడు. తాతమ్మ పదమూడో ఏట కాపురానికి వెళ్ళింది. తాతయ్య మంచివాడు. మొదటి ఇద్దరు పిల్లలు దక్కలేదు, తర్వాత నలుగురు దక్కారు. ఆవిడ ఎనభై దాటి బతికింది. చిన్నావిడ పెళ్ళికొడుకు పెళ్ళయిన నాలుగేళ్ళకి జ్వరం వచ్చి పోయాడు. అంటే ఆవిడకి అప్పుడు పదేళ్ళు. అత్తారిల్లు చూడనేలేదు. మొగుడి ముఖం గుర్తుందా అని అడిగితే, లేదు, ఆ రోజు నేను నిద్రపోయాను కదా అనేదట. అక్కడి నుంచీ దాదాపు 70 ఏళ్ళు వచ్చేవరకూ అన్నగారింట్లోనే. తెల్ల చీర, వంటగది.

ఈ కథ విన్న రోజు నేను వ్యాసం మొత్తం మనసులో రాసేసుకున్నాను. అక్క సుఖపడింది, చెల్లెలు కష్టపడింది, అంతా బాల్య వివాహం వల్లే, అయిపోయింది. అమ్మమ్మకి చదివి వినిపిస్తే, "నువ్వు అనుకున్నట్టు రాయకు, ఉన్నట్టు రాయి. మా పిన్ని ఏడుస్తూ కూచున్న మనిషి కాదు" అంది.

ఉన్నది ఇది. అన్నగారి కొడుకులు పెద్దబాలశిక్ష పట్టుకుని వసారాలో వల్లె వేస్తుంటే, ఆవిడ వంటింట్లో పప్పు రుబ్బుతూ వినేదట. వినీ వినీ అక్షరాలు తెలియకుండానే పాఠాలన్నీ నోటికొచ్చేశాయి. తర్వాత పొయ్యి బొగ్గుతో నేల మీద రాసుకుంటూ ఏ మాటకి ఏ అక్షరమో తనే పోల్చుకుంది. ముప్ఫై ఏళ్ళు దాటాక గడగడా చదివేది. ఆంధ్రప్రభ వారపత్రిక వచ్చిన రోజు మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్ళంతా వాళ్ళ అరుగు మీదికి చేరేవారు. సీరియల్ ఆవిడే చదివి వినిపించాలి. బాగా రసపట్టులో ఆపేసి, "పొయ్యి మీద పాలున్నాయి" అని లోపలికి వెళ్ళిపోయేదట. పాలూ లేవు, పొయ్యీ లేదు. అందరూ బతిమాలాలి. అమ్మమ్మ ఇది చెప్తూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"మా ఇంట్లో నేను చూసినవాళ్ళలో తృప్తిగా ఉన్న మనిషి ఎవరంటే పిన్నినే చెప్తాను. మా అమ్మకి అన్నీ ఉన్నాయి గానీ ఎప్పుడూ ఏదో ఒకటి వెలితి. పిన్నికి ఏదీ లేదు గానీ ఆ గంట ఆవిడది" అంది.

నాకు ఏం రాయాలో తెలియలేదు. ఇలా రాస్తే, చూశారా, చిన్నప్పుడే పెళ్ళి చేసినా, మొగుడు పోయినా, సంతోషంగానే ఉన్నారు కదా అని ఎవరైనా అంటారేమో. అదే అడిగాను. అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పెళ్ళి సంగతి చెప్పింది. అమ్మమ్మని పెళ్ళికూతుర్ని చేస్తుంటే పిన్ని కనబడలేదట. ఎదురొస్తే అశుభం అని ఆవిడే గొడ్లసావిట్లోకి వెళ్ళి కూర్చుంది. అమ్మమ్మ పట్టుచీరతోనే అక్కడికి వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆవిడ తల మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసేసుకుందట. వారపత్రిక చదివే ఆ గొంతుతోనే, "వెళ్ళవే, ఎవరైనా చూస్తారు" అందట.

"తృప్తి ఆవిడ సంపాదించుకుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం మాత్రం మనం నేర్పాం. రెండూ రాయి" అంది అమ్మమ్మ.

అందుకే రెండూ రాశాను.

నేను ఆలోచించినంతలో, పెళ్ళి పందిట్లో ఉన్న సంతోషం అబద్ధం కాదు. సన్నాయి, అరిసెలు, చుట్టాలు, ఎవరికి బాగుండదు? మన సినిమాలు కూడా పెళ్ళి దగ్గరే శుభం కార్డు వేసేస్తాయి. కానీ ఆ సంతోషానికి ఐదు రోజుల ఆయుష్షు. అరుగు మీద ఆ గంట మాత్రం ఆవిడకి నలభై ఏళ్ళు ఉంది. అది ఎవరూ ఇచ్చింది కాదు కాబట్టి ఎవరూ తీసుకోలేకపోయారు అనిపిస్తుంది. కాకపోతే అది బొగ్గుముక్కతో దొంగతనంగా నేర్చుకోవాల్సి రావడం నాకు కోపం తెప్పిస్తుంది. ఆరేళ్ళ వయసులో పలక ఇచ్చి ఉంటే? ఏమో, టీచరు అయ్యేదేమో. ఆ పాలు పొంగే అబద్ధాలకి మా క్లాసు ఎంత నవ్వేదో.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారు, ఉద్యమకారులు కలిసి యానాంని విముక్తం చేశారు. అదే ఏడాది నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది, 1962 ఆగస్టు 16న చట్టప్రకారం విలీనం పూర్తయింది. ఇది మన అందరికీ తెలిసిందే, ప్రతి ఏడూ జెండా ఎగరేస్తాం. గోదారి మీద 2002లో బాలయోగి వారధి కూడా వచ్చేసింది. ఇప్పుడు దాటడానికి పడవ అక్కర్లేదు, దాటి తప్పించుకోవడానికి వేరే దేశమూ లేదు. ఆడపిల్లకి 18, అబ్బాయికి 21, ఎక్కడైనా ఒకటే (ఆ ఒక్క ముక్క తప్ప). అయినా 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు దేశం మొత్తం మీద 23.3 శాతం, వారధికి అవతల ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. దాదాపు ముగ్గురిలో ఒకరు. ఆ అంకె చూసి మా క్లాసులో అమ్మాయిల్ని లెక్కపెట్టుకుని, తర్వాత మానేశాను.

ఇంతసేపూ పాత సంగతులు రాశాను. ఈ వ్యాసం ఎందుకు రాయాలనిపించిందో కూడా చెప్పాలి. మొన్న సంక్రాంతికి మా అత్తయ్య ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. ఇప్పుడే పెళ్ళి అనలేదు, చట్టం వాళ్ళకీ తెలుసు. టెన్త్ అయ్యాక తాంబూలాలు పుచ్చుకుని, 18 నిండగానే ముహూర్తం పెట్టుకుందాం అంది. నేను గారెలు వడ్డిస్తున్నాను. "మంచి కుటుంబం, పిల్ల సుఖపడుతుంది" అంది అత్తయ్య. అదే మాట. తిరుగు పడవలో ముత్తాతగారు అన్న మాట. అత్తయ్య మంచిదే, నాకు పరికిణీలు కుట్టించేది ఆవిడే. నాన్న ఏమీ అనలేదు, చూద్దాం అన్నారు.

నాన్నా, స్కూలు పత్రిక మీరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారని నాకు తెలుసు. తెలిసే ఇది ఇక్కడ రాశాను. ఇంట్లో అడగడానికి నోరు రాలేదు. నాకు ఇంటర్లో చేరాలనుంది, ఆ తర్వాత చరిత్ర చదవాలనుంది. నేను దేనివల్ల సుఖపడతానో నాకు ఇంకా తెలియదు. తెలుసుకోవడానికి కొంచెం టైము కావాలి.

వ్యాసం ఇచ్చేముందు ఒక ఆదివారం అమ్మమ్మని ఫెర్రీ రోడ్డుకి తీసుకెళ్ళాను. తాతమ్మ పడవ దిగింది ఎక్కడో చూపించమన్నాను. "ఇక్కడే ఎక్కడో అయ్యుంటుంది, అప్పుడు ఈ మెట్లూ గోడలూ ఎక్కడివి?" అంది. ఎర్ర టోపీ పెట్టుకున్న పోలీసాయన మా పక్కనుంచి వెళ్ళాడు. అమ్మమ్మ ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఇంతకీ నువ్వు సంతోషంగా ఉన్నావా అమ్మమ్మా అని అడిగాను. ఈ ప్రశ్న నేను ఆవిణ్ణి ఇంతకు ముందెప్పుడూ అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"చాలా ఉంది చెప్పడానికి. ముందు వేరుశెనక్కాయలు కొను" అంది.